జైలు గేటు దగ్గర వైద్యం తెగిపోకుండా: మత్తు వ్యసనం, మానసిక అనారోగ్యం ఉన్నవారికి చికిత్స ఎలా అమర్చాలి

నేర న్యాయ వ్యవస్థలో మత్తు వ్యసనానికీ, మానసిక అనారోగ్యానికీ చికిత్స పెట్టాలని నిర్ణయం జరగ్గానే ముందుగా వెలిసేది జైల్లో ఒక కౌన్సెలింగ్ గది. గోడకు నాలుగు పోస్టర్లు, వారానికి రెండు తరగతులు, ఒక ప్రారంభోత్సవం. అది చెడ్డ పనేమీ కాదు. కానీ ప్రాణాలు ఎక్కువగా పోయేది ఆ తరగతులు నడిచే కాలంలో కాదు. లోపలికి వచ్చిన మొదటి కొన్ని రోజుల్లో, బయటికి వెళ్లిన మొదటి రెండు వారాల్లో. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో విడుదలైన 30,237 మందిని పరిశీలించి 2007లో ప్రచురించిన అధ్యయనం ఈ సంగతిని లెక్కకట్టింది. విడుదలయ్యాక మొదటి రెండు వారాల్లో వారి మరణ ప్రమాదం సాధారణ జనంతో పోలిస్తే 12.7 రెట్లు ఉంది. మత్తుమందు మోతాదు మించి చనిపోయే ప్రమాదమైతే 129 రెట్లు.

కాబట్టి ఈ ఏర్పాటును మధ్యలోంచి మొదలుపెట్టకండి. రెండు కొసల నుంచీ కట్టుకుంటూ రండి.

1. ముందు పటం గీయండి

2006లో అమెరికాలో మ్యూనెట్జ్, గ్రిఫిన్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక నమూనా ప్రతిపాదించారు. మనిషి వ్యవస్థలో ఎక్కడెక్కడ ఆగుతాడో, అక్కడక్కడ అతన్ని చికిత్స వైపు మళ్లించవచ్చన్నది దాని సారం. పోలీసుల చేతికి చిక్కడం, మొదటి కోర్టు హాజరు, జైలు–విచారణ, విడుదల, విడుదల తర్వాతి పర్యవేక్షణ అని ఐదు మజిలీలు. పోలీసుల దాకా రాకముందే ఆదుకునే 'సున్నా' మజిలీని తర్వాత చేర్చారు.

దీన్ని మీ ఊరికి, మీ జైలుకు అన్వయించడానికి ఒక పూర్తి రోజు కేటాయించండి. గోడకు పెద్ద కాగితం అంటించి మజిలీలన్నీ రాయండి. ఒక్కొక్క దాని కింద మూడు ప్రశ్నలకు జవాబు రాయాలి: ఇక్కడ ఈ మనిషిని చూసేది ఎవరు, ఎన్ని గంటల్లోపు, అతనితో పాటు ముందుకు వెళ్లే కాగితం ఏది? పెద్ద అధికారులు మాత్రమే కూర్చుంటే పటం అందంగా వస్తుంది, అబద్ధంగా వస్తుంది. రాత్రి డ్యూటీ నర్సు, మందులు ఇచ్చే ఫార్మసిస్టు, విడుదల ఉత్తర్వులు చూసే గుమస్తా, ఉచిత న్యాయ సహాయం చేసే వకీలు, ఇదివరకు లోపల ఉండి వచ్చిన ఒకరిద్దరు తప్పకుండా ఉండాలి. 'సంబంధిత శాఖ చూసుకుంటుంది' అన్న వాక్యం ఎక్కడ కనబడితే అక్కడ ఎర్ర గీత గీయండి. అక్కడ చూసుకునేవాళ్లు ఎవరూ లేరని దాని అర్థం. ఆ చోట ఒక హోదా పేరు, ఒక ఫోన్ నంబరు వచ్చేదాకా పటం పూర్తి కానట్టే.

2. పోలీసుల దగ్గర: శిక్షణ కన్నా దింపే చోటు ముఖ్యం

మానసిక సంక్షోభంలో ఉన్నవారితో ఎలా మాట్లాడాలో పోలీసులకు 40 గంటల శిక్షణ ఇచ్చే పద్ధతి 1988లో అమెరికాలోని మెంఫిస్‌లో మొదలైంది. చాలాచోట్ల ఆ 40 గంటలను మాత్రమే తెచ్చుకుని, దానికి రెండో సగాన్ని వదిలేశారు. ఆ రెండో సగం, పోలీసులు తెచ్చిన మనిషిని కాదనకుండా వెంటనే చేర్చుకునే ఆసుపత్రి. దవాఖానా వరండాలో ఐదారు గంటలు నిలబెడితే, ఎంత శిక్షణ పొందిన కానిస్టేబులైనా రెండోసారి లాకప్పుకే తీసుకెళ్తాడు. అప్పగింత అరగంట లోపు ముగియాలని ఆసుపత్రితో రాతపూర్వకంగా ఒప్పందం చేసుకోండి.

ఇంకో మాట. లాకప్పులో 'తాగి పడుకున్నాడు' అనుకున్నవారిలో కొందరికి తలకు దెబ్బ తగిలి ఉంటుంది, కొందరికి చక్కెర పడిపోయి ఉంటుంది. తట్టి లేపితే కళ్లు తెరిచి సరిగ్గా జవాబు చెప్పనివారిని లాకప్పులో ఉంచకూడదు. నేరుగా ఆసుపత్రికే పంపాలి.

3. జైలు ప్రవేశం: ప్రశ్నలు అడిగే తీరు

ఐక్యరాజ్యసమితి 2015లో ఆమోదించిన నెల్సన్ మండేలా నియమాల్లో 30వది, లోపలికి వచ్చిన ప్రతి వ్యక్తినీ వీలైనంత త్వరగా ఆరోగ్య సిబ్బంది చూడాలంటుంది. ఆత్మహత్య ప్రమాదం, మత్తు మానడం వల్ల వచ్చే లక్షణాలు గుర్తించాలని పేరు పెట్టి మరీ చెబుతుంది. 'వీలైనంత త్వరగా' అన్నదాన్ని మీరు గంటల్లోకి మార్చుకోవాలి. చిన్న వడపోత, అంటే ప్రమాదంలో ఉన్నవారెవరో ఏరడానికి అడిగే తొలి ప్రశ్నలు, ఆ పూటే, బ్యారక్‌లోకి పంపకముందే జరగాలి. పూర్తి పరీక్ష 24 గంటల్లోపు చేయాలి.

వడపోతకు వైద్యుడు అక్కర్లేదు. జైళ్ల కోసమే తయారైన 8 ప్రశ్నల మానసిక ఆరోగ్య పట్టిక ఒకటి వాడుకలో ఉంది, దానికి రెండు మూడు నిమిషాలు చాలు. దానికి మత్తు ప్రశ్నలు మీరు జోడించుకోండి: ఏం తీసుకుంటారు, చివరిసారి ఏ రోజు ఏ వేళ, రోజుకు ఎంత, మానినప్పుడు ఇదివరకు ఫిట్స్ వచ్చాయా, ఇప్పుడు వాడుతున్న గోళీలు ఏవి, ఎవరు రాసిచ్చారు, ఆఖరి మోతాదు ఎప్పుడు. ఆత్మహత్య గురించి సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయానికి ఆధారం లేదు.

తెలుగులో అడిగేటప్పుడు ఒక చిక్కు ఉంది. 'మందు వాడుతున్నారా?' అంటే సారా సంగతి అనుకుని 'లేదండీ' అంటారు, మూర్ఛ మాత్రల సంగతి బయటికే రాదు. 'డాక్టరు రాసిచ్చిన గోళీలు, సూదులు' అని ఒక ప్రశ్న, 'తాగుడు' అని ఇంకో ప్రశ్న, 'గంజాయి, నిద్రమాత్రలు, సూదిమత్తు' అని విడివిడిగా మరికొన్ని ఉండాలి. 'మత్తు పదార్థాలు సేవిస్తారా' అనే ప్రభుత్వ భాషకు ఎవరూ నిజం చెప్పరు.

వడపోత విఫలమయ్యేది చాలావరకు ప్రశ్నల వల్ల కాదు, అడిగే చోటు వల్ల. వరసలో నిలబెట్టి, పక్కన గార్డు వింటుండగా అడిగితే అందరి జవాబూ 'లేదు' అనే వస్తుంది. తలుపు ఉన్న గది కావాలి, గార్డు కనబడే దూరంలో, వినబడనంత దూరంలో ఉండాలి. ఇక్కడ చెప్పింది కేసులోకి వెళ్లదని కాగితం పైనే ముద్రించండి. అంతకన్నా ముందు, అది నిజమయ్యేలా నియమం రాయించండి. అలా నియమం లేకుండా హామీ ఇవ్వడం మోసం, పైగా అది నెల తిరక్కముందే బ్యారక్‌లన్నిటికీ తెలిసిపోతుంది.

ఒక్కసారి అడిగి వదలకండి. మూడో రోజున, రెండు వారాలకు, కోర్టు నుంచి శిక్షో చెడ్డ కబురో మోసుకొచ్చిన ప్రతి సాయంత్రమూ మళ్లీ అడగాలి.

4. మొదటి 72 గంటలు

అన్నిటికన్నా జాగ్రత్తగా చేయాల్సిన భాగం ఇదే. మోతాదులు నిర్ణయించేది వైద్యుడే అయినా, జైలు నడిపేవారికి ఈ గడియారాలు తెలిసి ఉండాలి.

తాగుడు మానినవారికి వణుకు, చెమటలు చివరి గ్లాసు తర్వాత 6 నుంచి 24 గంటల్లో మొదలవుతాయి. ఫిట్స్ ఎక్కువగా మొదటి రెండు రోజుల్లోపే వస్తాయి. లేనివి కనబడడం, తెలివి తప్పడం, జ్వరం కలిసిన ప్రమాదకర దశ 48 నుంచి 96 గంటల మధ్య వస్తుంది. అంటే శుక్రవారం సాయంత్రం వచ్చినవాడికి ఆదివారమో సోమవారమో, వైద్యుడు లేని వేళ. లక్షణాలను సీవా-ఏఆర్ అనే 10 అంశాల స్కేలుతో కొలుస్తారు, గరిష్ఠం 67. సాధారణంగా 8 లోపు ఉంటే గమనిస్తారు, 8 దాటితే డయాజెపామ్ వంటి మందు ఇస్తారు, 15 దాటితే తీవ్రం. కాలేయం దెబ్బతిన్నవారికి అదే కోవకు చెందిన లోరాజెపామ్ మేలు.

స్కేలు చూసి అవసరానికి తగ్గట్టు మందు ఇవ్వడం ఆసుపత్రుల్లో మంచి పద్ధతి. రాత్రి నర్సు లేని జైల్లో అది ప్రమాదం, ఎందుకంటే కొలిచేవారు లేకపోతే మందూ లేదు. అలాంటి చోట వేళకింత అని స్థిరమైన మోతాదుతో మొదలుపెట్టి రోజురోజుకూ తగ్గించుకుంటూ రావడమే నయం. ఇదివరకు మానినప్పుడు ఫిట్స్ గానీ తెలివి తప్పడం గానీ జరిగినవారిని జైల్లో ఉంచి ప్రయోగాలు చేయకండి, ఆసుపత్రికి పంపండి. థయమిన్ (విటమిన్ బి1) అందరికీ ఇవ్వాలి, గ్లూకోజ్ ఎక్కించాల్సి వస్తే దానికి ముందే ఇవ్వాలి. లేకపోతే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. గోళీ అగ్గువ, మరిచిపోతే వచ్చే నష్టం జీవితాంతం.

ఓపియాయిడ్లు, అంటే హెరాయిన్, నల్లమందు, నొప్పి తగ్గించే బలమైన గోళీల విషయం వేరు. మానితే వాంతులు, విరేచనాలు, ఒళ్లు నొప్పులు. 'దీంతో ఎవరూ చావరులే' అని సిబ్బంది అంటుంటారు. కానీ వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు ఇంకిపోయి జైళ్లలో మనుషులు చనిపోయారు, ఆత్మహత్యలూ జరిగాయి. దీన్ని 11 అంశాల కౌస్ స్కేలుతో కొలుస్తారు. ఈ వ్యసనానికి చికిత్సగా ఇచ్చే బ్యూప్రెనార్ఫిన్ అనే గోళీ మొదలుపెట్టాలంటే లక్షణాలు స్పష్టంగా కనబడాలి, స్కోరు 12 దగ్గరికి రావాలి. చివరి మోతాదు నుంచి కనీసం 12 గంటలు గడవాలి, ఇదే వ్యసనానికి ఇచ్చే మరో మందు మెథడోన్ వాడేవారికైతే ఇంకా ఎక్కువ. తొందరపడి ఇస్తే ఒంట్లో ఉన్న మత్తును అది తోసేసి లక్షణాలను ఒక్కసారిగా రెట్టింపు చేస్తుంది. ఆ దెబ్బ తిన్నవాడు మళ్లీ ఆ గోళీ జోలికి రాడు, పక్కవాళ్లనూ రానివ్వడు. మామూలుగా 2 నుంచి 4 మి.గ్రా. నాలుక కింద పెట్టి, గంట రెండు గంటలు చూసి, మొదటి రోజు 8 మి.గ్రా. దాకా వెళ్తారు.

మెథడోన్ కొత్తగా మొదలుపెడితే మొదటి మోతాదు 30 మి.గ్రా. దాటకూడదు. ఒంట్లో పేరుకుపోయే మందు కాబట్టి, మొదటి రోజు చాల్లేదనిపించినా మూడో రోజుకు ఊపిరి ఆపగలదు. బయట ఇప్పటికే వాడుతున్నవారైతే ఆ క్లినిక్‌కు ఫోన్ చేసి మోతాదు, ఆఖరి తేదీ రెండూ ఖాయం చేసుకోండి. వరుసగా కొన్ని రోజులు తప్పి ఉంటే పాత మోతాదు ఇవ్వకూడదు.

ఏళ్ల తరబడి నిద్రమాత్రలు, ఆల్ప్రాజోలామ్ వంటివి మింగినవారికి ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ వస్తాయి. నెమ్మదిగా తగ్గించాలి. కొకైన్, మెథాంఫెటమిన్ వాడినవారు రెండు మూడు రోజులు మొద్దునిద్ర పోతారు, లేచాక లోతైన దిగులు పట్టుకుంటుంది. ఆత్మహత్యకు కాపలా ఉండాల్సిన రోజులవే.

5. వాడుతున్న మానసిక మందులు ఆగకూడదు

'మా డాక్టరు చూసేదాకా ఏ మందూ ఇవ్వం' అనే నియమం మీ జైల్లో ఉంటే ఈ రోజే మార్పించండి. డాక్టరు వచ్చేది మంగళవారం అయితే ఆ లోపల రోగం తిరగబెడుతుంది. ఇంటివారు తెచ్చిన చీటీని ఫోన్లో ఖాయం చేసుకుని, మొదటి మోతాదు అదే రోజు అందేలా చూడాలి.

కొన్ని మందుల దగ్గర తప్పిపోయిన రోజులే ప్రమాదం తెచ్చిపెడతాయి. స్కిజోఫ్రీనియాకు ఇచ్చే క్లోజపిన్ 48 గంటలకు మించి ఆగితే పాత మోతాదు ఇవ్వకూడదు, 12.5 మి.గ్రా. నుంచి మళ్లీ మొదలుపెట్టాలి. లేకపోతే బీపీ కుప్పకూలి, గుండె ఆగవచ్చు. మూర్ఛకూ, బైపోలార్ జబ్బుకూ ఇచ్చే లామోట్రిజిన్ ఐదు రోజులకు మించి తప్పితే అదీ మొదటి నుంచే, ఎందుకంటే ఒళ్లంతా పొక్కే ప్రాణాంతక చర్మవ్యాధి భయం ఉంది. బైపోలార్ జబ్బుకు లిథియం వాడేవారికి వేసవిలో బ్యారక్‌లో తాగునీరు చాలకపోతే రక్తంలో దాని మట్టం విషస్థాయికి పెరుగుతుంది.

చాలామంది గమనించనిది ఒకటి: పొగ తాగే మనిషి పొగ నిషేధించిన జైల్లోకి వస్తే, రక్తంలో క్లోజపిన్ మట్టం దానంతట అదే పెరుగుతుంది. సిగరెట్ పొగ ఆ మందును కాలేయంలో త్వరగా కరిగిస్తుంది, పొగ ఆగితే కరగడం మందగిస్తుంది. మోతాదు తగ్గించాల్సి రావచ్చు. విడుదలై మొదటి సిగరెట్ వెలిగించిన వారంలోనే ఇదంతా తలకిందులవుతుంది. ఆ మాట విడుదల కాగితంలో రాయాలి.

ఏకాంత గదుల సంగతి. రోజుకు 22 గంటలు, అంతకన్నా ఎక్కువసేపు ఒంటరిగా ఉంచడాన్ని, అది 15 రోజులు దాటడాన్ని మండేలా నియమాలు విడిగా నిర్వచించి, దీర్ఘకాల ఏకాంతాన్ని నిషేధించాయి. ఒంటరితనంతో జబ్బు ముదిరే మానసిక రోగులను అసలే పెట్టకూడదన్నాయి. గొడవ చేశాడని ఒంటరి గదిలో వేసే ముందు నర్సు సంతకం తప్పనిసరి చేస్తే, చాలా 'గొడవలు' జబ్బు లక్షణాలని అక్కడే తేలిపోతుంది.

6. లోపల చికిత్స కొనసాగించడం

అమెరికాలోని రోడ్ ఐలాండ్ రాష్ట్రం 2016లో తన జైళ్లలో మెథడోన్, బ్యూప్రెనార్ఫిన్, ఓపియాయిడ్ల ప్రభావాన్ని అడ్డుకునే నాల్‌ట్రెక్సోన్ మూడింటినీ అందుబాటులోకి తెచ్చింది, బయటి క్లినిక్‌లతో కలిపింది. 2016 మొదటి అర్ధభాగాన్ని 2017 మొదటి అర్ధభాగంతో పోల్చితే, ఇటీవలే జైలు నుంచి బయటికొచ్చి మోతాదు మించి చనిపోయినవారు 26 నుంచి 9కి తగ్గారు.

అధికారులు అభ్యంతరం చెప్పేది ఎప్పుడూ ఒకటే: గోళీలు అమ్ముకుంటారు. నిజమే, కొందరు అమ్ముకుంటారు. నాలుక కింద పెట్టిన బ్యూప్రెనార్ఫిన్ కరగడానికి 5 నుంచి 10 నిమిషాలు పడుతుంది. వరసలో నిలబెట్టి ఒక్కొక్కరికి ఒక్క నిమిషం ఇస్తే నోట్లోంచి తీసి దాచుకోవడం సులువు. ఐదారుగురిని కుర్చీల్లో, చేతులు మోకాళ్లపై, ఎదురుగా ఒక నర్సు, ఒక గార్డు ఉండేలా పది నిమిషాలు కూర్చోబెట్టండి. తర్వాత నీళ్లు తాగించి నోరు చూడండి. ఎవరైనా పట్టుబడితే మందు ఆపకండి, ఇచ్చే పద్ధతి మార్చండి. వారానికో నెలకో ఒకసారి వేసే ఇంజెక్షన్ దొరికితే ఈ తంటా ఉండదు. అవసరమున్న అందరికీ మందు అందుతుంటే లోపల దాన్ని కొనేవాడే ఉండడు, ఆ దృష్టితో చూస్తే దొంగ అమ్మకం చికిత్స చాలడం లేదనడానికి గుర్తు.

వైద్య సిబ్బంది ఎవరి కింద ఉండాలన్నది కూడా తేల్చుకోండి. నార్వేలో 1988 నుంచి జైలు వైద్యం స్థానిక పురపాలికల చేతిలో ఉంది. జైలు అధికారి కింద పనిచేసే వైద్యుడు ఒకే రోజు రోగికీ, యజమానికీ జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది. ఇంకొకరి కింద ఉంటే ఆ ఇబ్బంది సగానికి పైగా తీరుతుంది.

7. కోర్టుతో కలిపేటప్పుడు

శిక్షకు బదులు చికిత్స నడిపించే మత్తు కోర్టు 1989లో అమెరికాలోని మయామీలో మొదలైంది. అలాంటిది పెట్టినా, మామూలు కోర్టే షరతులతో చికిత్సకు పంపినా, మూడు చోట్ల దారి తప్పుతుంది.

మొదటిది ఎంపిక. చిన్న తప్పు, తక్కువ వ్యసనం ఉన్నవారిని తీసుకుంటే గణాంకాలు మెరుస్తాయి. కానీ వాళ్లు ఎలాగూ బాగుపడేవాళ్లే. పైగా వాళ్లను ముదిరినవారితో ఒకే గుంపులో కూర్చోబెడితే చెడిపోతారు. గట్టి పర్యవేక్షణను మళ్లీ నేరం చేసే ప్రమాదం ఎక్కువ ఉన్నవారికి ఉంచండి.

రెండోది మూత్ర పరీక్ష. పట్టీ పరీక్షను తీర్పుగా చదవకూడదు. నల్లమందు జాతి మత్తును పట్టే మామూలు ఓపియేట్ పట్టీకి బ్యూప్రెనార్ఫిన్, మెథడోన్, చాలా బలమైన ఓపియాయిడ్ అయిన ఫెంటానిల్ కనబడవు, వాటికి వేరే పట్టీలు కావాలి. గసగసాలు తిన్నా ఓపియేట్ పాజిటివ్ రావచ్చు. ముక్కుదిబ్బడకు వాడే సూడోఎఫిడ్రిన్ ఆంఫెటమిన్‌గా కనబడవచ్చు. రోజూ గంజాయి పీల్చినవాడికి మానేశాక కూడా కొన్ని వారాలు పాజిటివే వస్తుంది. మనిషి కాదంటే ప్రయోగశాలలో నిర్ధారణ చేయించకుండా జైలుకు పంపే ఉత్తర్వు ఇవ్వకూడదు.

మూడోది జారిపోవడం. ఆరు నెలల్లో రెండు మూడుసార్లు మళ్లీ వాడడం ఈ జబ్బులో భాగం. ఒక్క పాజిటివ్‌కు రెండు వారాలు జైలు వేస్తే ఆ రెండు వారాల్లో మత్తును తట్టుకునే శక్తి తగ్గి, బయటికొచ్చి పాత మోతాదుతో చనిపోతాడు. అబద్ధం చెప్పినందుకూ, హాజరు కానందుకూ చిన్నచిన్న శిక్షలు వెంటనే వేయండి. వాడినందుకు చికిత్స మార్చండి. 'బ్యూప్రెనార్ఫిన్ మానేస్తేనే కార్యక్రమం పూర్తయినట్టు' అన్న షరతు ఎక్కడ ఉన్నా కొట్టేయించండి.

కోర్టుకు వెళ్లే నివేదికలో వచ్చాడా లేదా, పద్ధతి పాటిస్తున్నాడా లేదా అన్నంతవరకే ఉండాలి. కౌన్సెలర్‌తో ఏం చెప్పుకున్నాడన్నది వెళ్లకూడదు. ఏది వెళ్తుంది, ఎవరికి, ఎంతకాలం అని రాసిన సమ్మతి పత్రం చదివి వినిపించి సంతకం తీసుకోండి.

8. విడుదల

విడుదల తేదీ ముందే తెలిసేది శిక్ష పడినవారికి. రిమాండులో ఉన్నవాడికి మధ్యాహ్నం బెయిలు వస్తుంది, కోర్టు నుంచే అటునుంచి అటే ఇంటికి పోతాడు, మందుల సంచి జైల్లోనే ఉండిపోతుంది. అందుకని విడుదల ఏర్పాటును ప్రవేశించిన వారంలోనే సిద్ధం చేయండి. ఒక కవరు కోర్టు దగ్గరే దొరికేలా చూడండి, అది కోర్టు గుమస్తా దగ్గరైనా సరే, న్యాయ సహాయ వకీలు దగ్గరైనా సరే.

కవరులో కనీసం 7 రోజుల మందులు, వీలైతే 14. ఒక కాగితం: జబ్బు పేరు, మందులు, ఆఖరి మోతాదు తేదీ, బయట చూపించుకోవాల్సిన చోటు, తేదీ, వేళ, అక్కడి వ్యక్తి పేరు. 'దగ్గరలోని ఆసుపత్రిని సంప్రదించగలరు' అని రాస్తే ఏమీ రాయనట్టే. ఓపియాయిడ్ చికిత్సలో ఉన్నవారికి ఆ అపాయింట్‌మెంట్ 24 నుంచి 72 గంటల్లోపు, మానసిక చికిత్సకు 7 రోజుల్లోపు ఉండాలి. నెలకోసారి వేసే సూది ఉంటే విడుదలకు ముందే వేయించండి. నాల్‌ట్రెక్సోన్ 380 మి.గ్రా. సూదికి ముందు 7 నుంచి 10 రోజులు ఓపియాయిడ్లు ఒంట్లో ఉండకూడదు. నెలకు దాని ప్రభావం తగ్గేసరికి మత్తును తట్టుకునే శక్తి దాదాపు ఉండదని స్పష్టంగా చెప్పాలి.

ఓపియాయిడ్ మోతాదు మించి ఊపిరి ఆగుతున్నప్పుడు విరుగుడుగా ఇచ్చే నాలోక్సోన్ రెండు మోతాదులు చేతికివ్వండి, వాడడం అతనితో పాటు ఇంటివారికీ నేర్పండి. ముక్కులో కొట్టేది 4 మి.గ్రా., కండలో వేసే సూది 0.4 మి.గ్రా. రెండు మూడు నిమిషాల్లో ఊపిరి రాకపోతే రెండోది ఇవ్వాలి. దీని ప్రభావం 30 నుంచి 90 నిమిషాలే. మత్తు అంతకన్నా ఎక్కువసేపు ఉండొచ్చు కాబట్టి, లేచి కూర్చున్నా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అపస్మారకంలో ఉన్నవాడు తనకు తాను వేసుకోలేడు, అందుకే ఇంటివారికి నేర్పకపోతే ఆ పెట్టె ఉన్నా లేనట్టే.

శుక్రవారం సాయంత్రం, పండగ ముందు రోజు, అర్ధరాత్రి విడుదలలు మాన్పించండి. గేటు దగ్గర తిరిగి ఇచ్చే సామాన్లలో పాత గోళీలు, పాత పొట్లాలు లేకుండా చూడండి. గేటు నుంచి క్లినిక్ దాకా వెంట వెళ్లే మనిషిని, ఇదివరకు ఇదే దారిలో నడిచిన వ్యక్తి అయితే మరీ మంచిది, నియమించుకోండి. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ ఇచ్చే ఉద్యోగం ఈ మొత్తంలో ఇదొక్కటే.

9. లెక్క

ఎన్ని తరగతులు జరిగాయి, ఎందరు హాజరయ్యారు అనేవి లెక్కల్లోకి తీసుకోకండి. ప్రవేశం నుంచి వడపోతకు ఎన్ని గంటలు, బయట వాడే మందు లోపల మొదటి రోజే అందినవారు ఎందరు, విడుదలయ్యాక మొదటి అపాయింట్‌మెంట్‌కు నిజంగా వెళ్లినవారు ఎందరు, నాలోక్సోన్ చేతికి అందినవారు ఎందరు, విడుదలైన 14 రోజుల్లో చనిపోయినవారు ఎందరు అన్న ఐదు లెక్కలు నెలనెలా చూడండి. చివరిది చాలా జైళ్ల పుస్తకాల్లో ఉండదు, గేటు దాటిన మరణం జైలు మరణం కాదు గనుక. మరణాలు నమోదు చేసే కార్యాలయంతో నెలకోసారి పేర్లు సరిపోల్చుకునే ఏర్పాటు చేసుకోండి. ప్రతి మరణానికీ పది రోజుల్లోపు మొదట పటం గీసినవారే మళ్లీ అదే కాగితం ముందు కూర్చుని, ఆ మనిషి ఏ మజిలీలో చేయి జారాడో వేలు పెట్టి చూపించాలి. గుమస్తా కూడా రావాలి, సాధారణంగా మొదట కనిపెట్టేది అతనే.